మూడో విడత చాక్లెట్ మార్పిడి: రుచి చూసినవాళ్ళు ఇక్కడే రాయండి

కొబ్బరినీడ (అంబాజీపేట) · జనవరి 19, ఉదయం 6:50

అందరికీ నమస్కారమండి. పండగ హడావుడి తగ్గింది, చుట్టాలు వెళ్ళిపోయారు. మనం ఏడుగురం ఇంట్లో చేసి, ఒకరిది ఒకరం రుచి చూడటానికి మార్చుకుందామనుకున్న చాక్లెట్లన్నీ నా దగ్గరికి క్షేమంగా చేరాయి. నిన్న రాత్రి కూర్చుని ఏడు డబ్బాలు సర్దాను. డబ్బాకి ఏడు ముక్కలు, ఒక్కోటి 20 గ్రాములు. వెండి కాగితం మీద నంబరు తప్ప ఇంకేమీ రాయలేదు. ఏ నంబరు ఎవరిదో నాకు మాత్రమే తెలుసు. అన్నీ మన కొబ్బరితోటల్లో కాసిన కోకోయే, అన్నిట్లోనూ కోకో 70 శాతమే. కాబట్టి తేడా ఏదైనా వస్తే గింజని మనం పులియబెట్టి, ఎండబెట్టి, వేపి, రుబ్బిన తీరులోనే వచ్చి ఉంటుంది.

పోయిన విడతలో జరిగిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. ఐదో నంబరు చేసినాయన తర్వాత ఫోన్ చేసి, "అక్కా, అందరూ బాగుందన్నారు కదా, మరి ఎవరూ ఇంకో ముక్క ఎందుకు అడగలేదు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన చాక్లెట్‌లో వెనిగర్ ఘాటు ఉందని నాకు తెలుసు, మీలో చాలామందికీ తెలిసే ఉంటుంది. మొహమాటానికి ఎవరమూ అనలేదు. ఆయన ఈసారి కూడా అలాగే చేసి పంపి ఉంటే ఆ తప్పు మనదేనండి.

మా అల్లుడు అమెరికాలో ఇంట్లో బీరు కాచుకుంటాడు. అక్కడ 1978లో వచ్చిన చట్టంతో ఇంటి అవసరానికి కాచుకోవడానికి దారి ఏర్పడింది. వాళ్ళూ మనలాగే సీసాలు మార్చుకుని రుచి చూసి రాసుకుంటారు. బీరు జడ్జీలకు 1985 నుంచి ఒక సంస్థే ఉంది. వాళ్ళ మార్కుల కాగితం మా వాడు చూపించాడు. 50 మార్కుల్లో వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద 10. నాకు మార్కుల కన్నా ప్రతి దాని పక్కనా ఉన్న ఖాళీ గీతలు నచ్చాయి. అంకె వేసి ఊరుకోకూడదు, ఎందుకో రాయాలి. ఇంకో సంగతి, వాళ్ళకి ప్రతి దోషానికీ ఒక పేరుంది, ఆ పేరు వెనక ఒక కారణముంది. బీరులో వెన్న వాసన వస్తే అది డయాసిటైల్, ఈస్ట్‌కి పని ముగించే వ్యవధి ఇవ్వలేదని చాలాసార్లు అర్థం. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే కాచడం దగ్గర చూసుకోవాలి. తిన్నవాళ్ళ మాట పట్టుకుని చేసినవాళ్ళు వెనక్కి నడిచి, తప్పు జరిగిన చోటికి చేరుకోగలరు. మనమూ ఈసారి అలా రాద్దాం.

డబ్బా రాగానే ఫ్రిజ్‌లో పెట్టకండి. పొద్దున్నే కాఫీకి ముందు తినండి, రోజుకి మూడుకి మించొద్దు. నమలకుండా నాలుక మీద కరగనివ్వండి. మధ్యలో గోరువెచ్చని నీళ్ళు తాగి, గుప్పెడు మరమరాలు నమిలితే నోరు శుభ్రపడుతుంది.

భీమవరం_ఐస్ · జనవరి 20, రాత్రి 9:15

డబ్బా అందిందక్కా. ఏ ముక్కా విరగలేదు. ఫ్రిజ్ ఎందుకు వద్దన్నారు? మా ఇంట్లో మధ్యాహ్నం కాస్త వేడిగానే ఉంటోంది.

తణుకు_మాస్టారు · జనవరి 20, రాత్రి 9:40

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్క మీద మన గాలిలోని చెమ్మ పట్టేస్తుందండి. ఆ నీటికి పైనున్న చక్కెర కరిగి, ఆరాక తెల్లటి గరుకు పొరగా మిగులుతుంది. ఎండకి మెత్తబడి మళ్ళీ గట్టిపడ్డ చాక్లెట్ మీదా తెల్లపొర వస్తుంది, అది కోకో వెన్న పైకి తేలడం వల్ల. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. వేలితో రుద్దితే కరిగి పోయేది వెన్న, గరుకుగా నిలిచేది చక్కెర. ఇది తెలియక ఒకరి తప్పుకి ఇంకొకరిని అంటాం. జనవరి కాబట్టి గదిలో నీడపట్టున ఉంచితే చాలు. తప్పక ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే గాలి చొరని డబ్బాలో పెట్టి, తీశాక మూత తెరవకుండా గది వేడికి రానివ్వండి.

రాజోలు_కుర్రాడు · జనవరి 21, ఉదయం 8:05

మొదటిసారి పాల్గొంటున్నానండి. ఈ రోజు మూడు తిన్నాను. 1 బాగుంది. 2 సూపర్. 3 కొంచెం చేదుగా ఉంది కానీ బాగుంది.

తణుకు_మాస్టారు · జనవరి 21, ఉదయం 10:30

బాబూ, మొదటిసారి వచ్చినందుకు చాలా సంతోషం. చిన్న మాట చెబుతాను, తప్పుగా తీసుకోకు. 3 చేదుగా ఉందన్నావు. నేనూ అదే ముక్క తిన్నాను. నాకు తగిలింది చేదు కాదు, వగరు.

మన భాషలో చేదు, వగరు, పులుపు అని మూడు వేరు వేరు మాటలున్నాయి. చాక్లెట్ దగ్గరికి వచ్చేసరికి మూడింటినీ చేదు అనేస్తున్నాం. కాకరకాయది చేదు, మింగాక కూడా గొంతులో వెంట వస్తుంది. వగరు నోరంతా పట్టుకుంటుంది. నేరేడుపండ్లు తిన్నాక బుగ్గల లోపల ముడుచుకుపోయినట్టు ఉంటుంది చూడు, అది. పులుపులో మళ్ళీ రెండు. చింతకాయ పులుపు నాలుక మీదే ఉంటుంది, వెనిగర్ పులుపు ముక్కుకి ఎక్కుతుంది.

వగరు ఎక్కువగా ఉంటే గింజ సరిగ్గా పులియలేదని ముందు అనుమానించాలి. ముక్కుకెక్కే పులుపు ఉంటే అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం, లోపలే ఉండిపోయింది. గింజ మరీ తొందరగా పైపైన ఎండి ఉండాలి, లేదా గ్రైండర్‌లో మూత తీసి తిప్పిన సేపు చాలి ఉండదు. చేదు చివర్లో మొదలై ఎంతకీ పోకపోతే వేపడం ఎక్కువైంది. నువ్వు "చేదు" అని రాస్తే 3 చేసినవాళ్ళు వెళ్ళి వేపడం తగ్గించుకుంటారు. అసలు తప్పు పులియబెట్టే పెట్టెలో ఉంది. తగ్గించి వేపితే ఆ వగరు ఇంకా పైకి వస్తుంది. అందుకని ఒక్క మాట దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

రాజోలు_కుర్రాడు · జనవరి 22, ఉదయం 7:30

అర్థమైంది మాస్టారూ. ఈ రోజు 2లో మిగిలిన ముక్క మళ్ళీ తిన్నాను, కళ్ళు మూసుకుని.

కాగితం విప్పగానే తాటిబెల్లం వాసన. విరిస్తే టప్‌మని శబ్దం వచ్చింది, విరిగిన అంచు నున్నగా ఉంది. నోట్లో పెట్టాక కొంచెంసేపు ఏమీ లేదు. కరగడం మొదలయ్యాక పులుపు వచ్చింది, ముక్కుకి ఎక్కలేదు. చిన్నప్పుడు కోకో కాయ పగలగొట్టి గింజల మీది తెల్ల గుజ్జు చప్పరించేవాళ్ళం, అచ్చం ఆ పులుపు. అది పోయాక వేయించిన జీడిపప్పు. వగరు ఆఖర్న కొంచెం, బుగ్గల్లో కాకుండా పళ్ళ మీద. మింగాక ఐదారు నిమిషాలు రుచి ఉంది. ఎక్కడా పలుకు తగల్లేదు.

కొబ్బరినీడ (అంబాజీపేట) · జనవరి 22, ఉదయం 7:50

బాబూ, ఇది చదివితే 2 చేసినవాళ్ళు దాచుకుంటారు. ఆ గుజ్జు పులుపు నాకూ తగిలింది కానీ మాట దొరకలేదు. ఇతర దేశాలవాళ్ళు రాసిన రుచుల పట్టికల్లో రాస్ప్‌బెర్రీ, చెర్రీ అని ఉంటుంది. మనలో చాలామందిమి అవి తిననే లేదు. పనసతొన, ఈతపండు, ఎండు ఖర్జూరం, పాకం కాగుతున్నప్పటి వాసన... మన నోటికి తెలిసినవాటితోనే రాద్దామండి అందరం.

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 22, మధ్యాహ్నం 2:20

నేను 4 గురించి ముందు రాస్తాను, ఎందుకంటే నిన్నటి నుంచి అదే ఆలోచన. కాగితం విప్పగానే పొగ వాసన. ఏదో తెలిసిన పొగ. ఏమిటా అని చాలాసేపు తెలియలేదు. సాయంత్రం పక్కింట్లో నీళ్ళపొయ్యి రాజేస్తే ఆ వాసన తగిలి గుర్తొచ్చింది, కొబ్బరి పీచు పొగ. ఆ పొగ వెనకాల చాక్లెట్ చాలా బాగుంది. నునుపు బాగా కుదిరింది, మెరుపు బాగుంది, తీపి సరిగ్గా ఉంది. ఇంత శ్రద్ధగా చేసినవాళ్ళ దగ్గర పొగ ఎలా చేరిందో తెలుసుకోవాలని ఉంది.

భీమవరం_ఐస్ · జనవరి 22, సాయంత్రం 6:45

పిన్నిగారూ, నాకైతే అది మాడు అనిపించింది. వేపేటప్పుడు కొన్ని గింజలు మాడి ఉంటాయి. మూకుడులో వేపితే అలాగే అవుతుంది, అడుగున ఉన్నవి మాడతాయి, పైవి పచ్చిగా ఉంటాయి. నేను ఓవెన్‌లో 125 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు వేపుతాను, ఒకే పొరగా పరిచి.

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 22, రాత్రి 8:00

మాడు అయితే వాసన కన్నా నోట్లో ముందు తెలుస్తుంది బాబూ, ఆఖర్న చేదుగా నిలుస్తుంది. ఇది తినకముందే ముక్కుకి తగిలింది, తిన్నాక చేదు అసలు లేదు. పప్పు మాడితే ఒక వాసన, పప్పులోకి పొయ్యి పొగ చేరితే ఇంకో వాసన. కట్టెల పొయ్యి మీద వండినవాళ్ళకి ఈ రెండూ వేరని చప్పున తెలుస్తుంది.

తణుకు_మాస్టారు · జనవరి 22, రాత్రి 8:25

నాకూ పొగే. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే ఉంటుంది. కొవ్వు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చుకుంటుంది. కట్టెల మంట మీద ఎండబెట్టిన గింజ కొనడానికి ప్రపంచంలో ఎక్కడైనా వెనకాడేది అందుకే. ఒకసారి పట్టిన పొగ వేపినా పోదు, ఎన్ని గంటలు రుబ్బినా పోదు.

రాజోలు_కుర్రాడు · జనవరి 22, రాత్రి 11:10

నాలుగు నాదేనండి. పేర్లు చెప్పకూడదని నియమం, క్షమించాలి. చదువుతూ ఉండలేకపోయాను.

మూడు నెలలు పడ్డ కష్టం ఇది. కాయలు నేనే కోశాను, గింజలు నేనే తీశాను. గ్రైండర్ 40 గంటలు తిరిగింది, రాత్రి లేచి లేచి చూసుకున్నాను. నేను తింటే నాకు పొగ తెలియలేదు. ఇప్పుడు మళ్ళీ తిన్నా తెలియట్లేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చాలా బాధగా ఉంది, కానీ మీరు చెప్పకపోయి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు కూడా.

కొబ్బరినీడ (అంబాజీపేట) · జనవరి 23, ఉదయం 6:15

నియమం సంగతి వదిలెయ్యి తమ్ముడూ. రోజూ ఆ వాసనలో ఉండేవాళ్ళకి ఆ వాసన తెలియదు. చేపల మార్కెట్‌లో ఉండేవాళ్ళకి చేపల వాసన రాదు కదా. ముక్క వేరే ఊరికి పంపి తినిపించేది దీనికోసమే. గింజలు ఎలా ఎండబెట్టావో మొదటి నుంచి చెప్పు, ఏదీ చిన్నదని వదిలెయ్యకు.

రాజోలు_కుర్రాడు · జనవరి 23, ఉదయం 9:00

అక్టోబరు ఆఖర్లో కోశాను. 6 రోజులు పులియబెట్టాను, రెండో రోజు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి తిరగేశాను. ఎండబెడదామనేసరికి తుపాను వానలు. మొదటి రోజు డాబా మీద పరిచాను, మధ్యాహ్నానికే ఎత్తేయాల్సి వచ్చింది. బూజు పడుతుందని భయమేసి వసారాలోకి తెచ్చి, నులకమంచం మీద చాప వేసి పరిచాను. వసారా చివరే నీళ్ళపొయ్యి. నాన్నమ్మ పొద్దున్నా సాయంత్రం డొక్కలూ పీచూ పెట్టి కాగులో నీళ్ళు కాస్తుంది. వెచ్చగా ఉంటుంది, తొందరగా ఆరుతాయని నేనే మంచం అటు జరిపాను. అలా 9 రోజులు.

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 23, ఉదయం 9:20

అదీ సంగతి నాయనా. నాన్నమ్మ గారిని ఏమీ అనకు.

రాజోలు_కుర్రాడు · జనవరి 23, ఉదయం 9:25

లేదు పిన్నిగారూ. ఆవిడే ఇప్పుడు "నాకు చెబితే పెరట్లో పొయ్యి పెట్టుకునేదాన్ని కదరా" అంటోంది.

ద్రాక్షారామం_రైతు · జనవరి 23, మధ్యాహ్నం 1:40

నేను చాక్లెట్ చేయనండి, గింజ పండించి ఎండబెట్టి అమ్ముతాను. ఈ పేజీ చదువుతుంటాను. ఎండబెట్టడం గురించి నాకు తెలిసింది చెబుతాను.

వానల్లో పులియబెట్టిన గింజకి బూజు కన్నా కంగారు ఎక్కువ ప్రమాదం. నేల మీద ఎప్పుడూ పరచొద్దు, కింద నుంచి గాలి ఆడాలి. నులకమంచం మంచి ఆలోచనే, కానీ చాప వేసేసరికి గాలి ఆగిపోయింది. చాప బదులు చేపల వల గుడ్డ కట్టండి. పైన ప్లాస్టిక్ పట్టా పందిరిలా ఎత్తుగా కట్టి, పక్కలు తెరిచి ఉంచండి. ఫ్యాన్ పెట్టొచ్చు. మంట మాత్రం వద్దు. మొదటి రెండు రోజులు గంటకోసారి చేత్తో కలపాలి, అంటుకున్న గింజలు విడదీయాలి. తేమ 7 శాతం దగ్గరికి రావాలి. నేను మీటర్ కొనకముందు గుప్పెట్లో పట్టి నొక్కి చూసేవాడిని. బాగా ఎండిన గింజలు గలగలమంటాయి, పెంకు పెళుసుగా విరుగుతుంది.

మూటలు ఎక్కడ పెట్టారన్నదీ చూసుకోండి. ఎండుచేపలు, కిరోసిన్, కర్పూరం, బట్టల బీరువాలో వేసే గోళీలు, వీటి దగ్గర ఉంచితే ఎంత మంచి గింజైనా చెడుతుంది.

ఇంకొకటి. అదే మూటలో మిగిలిన గింజలుంటే 50 తీసుకుని నిలువుగా కోసి చూడండి. లోపల గోధుమ రంగుతో, మడతలు విడి పగుళ్ళు కనపడితే బాగా పులిసింది. ఊదారంగు ఉంటే సగం పులిసింది. పలకలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అసలు పులియలేదు. పొగ సరే, మీ పులియబెట్టడం ఎలా ఉందో తెలుస్తుంది.

రాజోలు_కుర్రాడు · జనవరి 23, సాయంత్రం 5:30

కోశానండి. 50లో 33 గోధుమ, 13 ఊదా, 4 బూడిద. బూడిదవన్నీ చిన్న గింజలే.

ద్రాక్షారామం_రైతు · జనవరి 23, సాయంత్రం 6:10

మొదటిసారికి బాగా వచ్చింది. ఊదా ఉన్నవి పెట్టె అంచుల్లో ఉన్నవి అయ్యుంటాయి. అక్కడ వేడి అందదు. తిరగేసేటప్పుడు అంచువి మధ్యకి, మధ్యవి అంచుకి పోవాలి, ఊరికే కలిపితే కుదరదు. పండని కాయలు, ఎలక కొట్టిన కాయలు అందులో కలపకండి.

భీమవరం_ఐస్ · జనవరి 23, రాత్రి 9:50

వేడి గురించి నా అనుభవం చెప్పాలి. పులియడం మొదట ఈస్ట్ పని. గుజ్జులోని చక్కెరని ఆల్కహాలుగా మారుస్తుంది. బీరు కాచేవాళ్ళకి ఈస్ట్ అక్కడిదాకా తీసుకొస్తే చాలు, మనకి అక్కడ సగం దారే. తిరగేశాక గాలి తగిలి, బ్యాక్టీరియా ఆ ఆల్కహాలుని వెనిగర్‌గా మారుస్తుంది. ఆ పనిలోనే గుట్ట 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, గింజలోని మొలక చచ్చిపోతుంది, ఆమ్లం లోపలికి దిగి చాక్లెట్ రుచికి కావలసిన మార్పులు మొదలవుతాయి. తోటల్లో వందల కిలోలు గుట్ట పోసి అరిటాకులు కప్పితే ఆ వేడి దానంతటదే వస్తుంది. ఇంట్లో 8 కిలోల పచ్చి గింజతో రాదు. పోయిన ఏడాది నా గుట్ట 36 దాటలేదు. ఆ చాక్లెట్ తిన్న మా ఆవిడ "పచ్చి చిక్కుడుగింజలా ఉంది" అంది, అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

ఈసారి థర్మోకోల్ పెట్టె తీసుకున్నాను, మా వైపు రొయ్యలకి వాడేది. అడుగున రసం కారడానికి చిల్లులు, గాలికి మూతలో నాలుగు చిల్లులు, లోపల చుట్టూ అరిటాకులు. 20 కిలోలు వేశాను. మూడో రోజుకి 46 డిగ్రీలు. కొత్త పెట్టె మాత్రమే వాడండి, రొయ్యలు పెట్టినది ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. రాజోలు తమ్ముడికి పెట్టె కావాలంటే నేను పంపుతాను, డబ్బులు వద్దు.

రాజోలు_కుర్రాడు · జనవరి 23, రాత్రి 10:05

తప్పకుండా కావాలన్నా. చాలా థాంక్స్.

తణుకు_మాస్టారు · జనవరి 25, ఉదయం 7:15

6 గురించి. ఇది బెల్లంతో చేసినదని వాసన చెప్పేస్తోంది, చెరుకు బెల్లం. నాకు చాలా ఇష్టమైన వాసన. రుచిలో మొదట బెల్లం, తర్వాత కోకో, రెండూ కలవకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నోట్లో మాత్రం ఇసుక. పళ్ళ మధ్య కాదు, నాలుకకీ అంగిలికీ మధ్య. కరగడం కూడా బరువుగా కరిగింది, వెన్నలా జారలేదు. పోతపోసేటప్పుడు గరిటెజారుగా లేకుండా ముద్దగా ఉండి ఉంటుందని నా ఊహ, ముక్క అడుగున గాలి బుడగల గుంటలున్నాయి.

భీమవరం_ఐస్ · జనవరి 25, ఉదయం 8:30

6కి నాదీ అదే మాట. రుచిలో ఏడింటిలో నాకు రెండోది, నునుపులో ఆఖరిది.

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 25, ఉదయం 11:00

ఇక నేనూ చెప్పేస్తాను, 6 నాది. మాస్టారు ఊహించింది అక్షరాలా నిజం. పోతపోసేటప్పుడు మైసూర్‌పాక్ ముద్దలా అయిపోయింది. గంట సేపు టెన్షన్ పడి, చివరికి అచ్చుల్లో వేలితో అదిమాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఇంతే. చక్కెర వేస్తే చక్కగా వస్తుందని తెలుసు. కానీ మా ఇంట్లో బెల్లంతోనే తినాలని మా అత్తగారికి కోరిక. దారి ఉంటే చెప్పండి.

కొబ్బరినీడ (అంబాజీపేట) · జనవరి 25, మధ్యాహ్నం 12:10

వదినా, బెల్లంలో ఉన్న నీళ్ళ వల్లే అది. కరిగిన చాక్లెట్‌లో చెంచాడు నీళ్ళు పడినా గడ్డకడుతుంది, బెల్లం లోపల అంతకన్నా ఎక్కువ చెమ్మే ఉంటుంది. నేను రెండేళ్ళు దీంతోనే పడ్డాను, చెబుతాను చూడండి.

పాత బెల్లం కాకుండా గట్టిగా, పొడిగా ఉన్న అచ్చు తీసుకోండి. కత్తిపీట మీద సన్నగా తరిగి, పళ్ళెంలో పలచగా పరిచి, ఓవెన్‌లో 50 డిగ్రీల దగ్గర తలుపు కొంచెం తెరిచి నాలుగైదు గంటలు ఉంచండి. చల్లారేలోపే మిక్సీలో పొడి కొట్టి, జల్లించి, వేడి తగ్గకముందే గ్రైండర్‌లో వేయాలి. గాలికి పెడితే పది నిమిషాల్లో మళ్ళీ చెమ్మ లాగేస్తుంది. వాన రోజున ఈ పని పెట్టుకోకండి. కోకో ముందు 24 గంటలు ఒంటరిగా తిరిగి పలచబడ్డాక, బెల్లం పొడి గుప్పెడు గుప్పెడు చొప్పున గంట సేపు వేయండి. మొత్తంలో 5 శాతం కోకో వెన్న వేరేగా కలిపితే జారుడు వస్తుంది. అది వేసినా 70 శాతం లెక్క తప్పదు, వెన్న కూడా కోకోలోంచి వచ్చినదే.

ఇసుక మాటకొస్తే, పలుకు 30 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటితే నాలుక పట్టేస్తుంది. 20 దగ్గరికి దించాలి. అది టైమ్ పని. మీ గ్రైండర్ రాళ్ళ మీద బిగింపు మర ఉందా? దోసెల పిండికి వాడేదాన్ని అలాగే వాడుతున్నారా?

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 25, మధ్యాహ్నం 12:40

దోసెల గ్రైండరే వదినా. విడిగా కొన్నాను, పిండికి వాడను. బిగింపు లేదు.

తణుకు_మాస్టారు · జనవరి 25, మధ్యాహ్నం 1:15

గ్రైండర్ అదే ఉంచండి. కోయంబత్తూరులో పిండి రుబ్బడానికి చేసిన ఆ రాతి యంత్రాన్నే కొంచెం మార్చి ఈ రోజు ప్రపంచంలో ఎన్నో చిన్న చాక్లెట్ తయారీ చోట్ల వాడుతున్నారు. రాళ్ళని కిందకి అదిమే స్ప్రింగూ మరా విడిగా బిగించుకోవచ్చు. మోటారు వేడెక్కకుండా పక్కన చిన్న ఫ్యాన్ పెట్టండి. 24 గంటలు తిప్పుతున్నారేమో, 48 తిప్పి చూడండి.

భీమవరం_ఐస్ · జనవరి 25, మధ్యాహ్నం 2:30

వేపిన గింజ పొట్టు ఎలా తీస్తున్నారు పిన్నిగారూ? పొట్టు మిగిలినా గరుకు వస్తుంది. నేను హెయిర్ డ్రయ్యర్‌తో ఊదుతాను, ఇల్లంతా పొట్టే.

పాలకొల్లు_వంటిల్లు · జనవరి 25, మధ్యాహ్నం 2:45

చేటలో చెరుగుతాను బాబూ. గింజల్ని మూటకట్టి అప్పడాల కర్రతో నలగ్గొట్టి, చేటలో నాలుగు వాయిలుగా. పొట్టు ముందుకి వెళ్ళిపోతుంది, పలుకులు వెనక్కి చేరతాయి. ఆఖర్న ఒకసారి చేతివేళ్ళతో ఏరతాను. నా పొట్టు సంగతి నేను నమ్మకంగా చెప్పగలను.

కొబ్బరినీడ (అంబాజీపేట) · జనవరి 28, రాత్రి 8:30

అందరూ ఏడూ తిన్నారు కాబట్టి పేర్లు చెబుతున్నాను. 1 భీమవరం, 2 తణుకు మాస్టారు, 3 నాది, 4 రాజోలు, 5 మండపేట, 6 పాలకొల్లు, 7 కాకినాడ.

3 వగరుగా ఉందన్న మాట నాకు చాలా ఉపయోగపడింది మాస్టారూ. నాలుగో రోజే పెట్టె ఖాళీ చేశాను, పెళ్ళికి వెళ్ళాలని. మీకు ఆ సంగతి తెలియకుండానే చెప్పగలిగారు. మండపేట వారూ, ఈసారి మీ 5లో వెనిగర్ ముక్కుకి ఎక్కలేదు, మిగతావాళ్ళు నాకు రాసిన చీటీల్లో కూడా ఎవరూ అనలేదు. ఈసారి రెండో ముక్క అడిగినవాళ్ళు ముగ్గురున్నారు.

మండపేట_మేడమీద · జనవరి 28, రాత్రి 9:05

మూత తీసి 20 గంటలు ఎక్కువ తిప్పానక్కా, అంతే. ముగ్గురికీ రేపే పంపుతాను.

రాజోలు_కుర్రాడు · ఫిబ్రవరి 24, రాత్రి 10:20

జనవరి ఆఖరి కోత గింజలతో మళ్ళీ చేశాను. భీమవరం అన్న పంపిన పెట్టెలో పులియబెట్టాను, 47 డిగ్రీలు వచ్చింది. డాబా మీద మంచానికి వల కట్టి ఎండబెట్టాను, వాన లేదు, 7 రోజులు పట్టింది. కోస్తే 50లో 44 గోధుమ. టెంపరింగ్, అంటే మెరుపూ విరుపూ రావడానికి చాక్లెట్‌ని కరిగించి చల్లార్చి మళ్ళీ వెచ్చబెట్టడం, తెల్లవారుజామున 4 గంటలకి చేశాను, గది చల్లగా ఉంటుందని. 48కి కరిగించి, 27కి దించి, 31కి తెచ్చాను. మాస్టారికీ, పిన్నిగారికీ చెరో రెండు ముక్కలు పార్సిల్ వేశాను. ఈసారి మొహమాటపడకండి.

పాలకొల్లు_వంటిల్లు · ఫిబ్రవరి 27, ఉదయం 7:40

పొగ లేదు. కాగితం విప్పి నేను చూశాను, మా అత్తగారి చేత చూపించాను, పొయ్యి పొగ సంగతి ఆవిడకి తెలిసినంత నాకు తెలియదు. "చిన్నప్పటి ఈతపళ్ళ బుట్ట వాసన" అన్నారు. నాకు తిన్నాక ఎండు ఖర్జూరం, చివర్న కొంచెం కొబ్బరి కోరు వేయించినట్టు. నునుపు ముందుకన్నా బాగుంది.

తణుకు_మాస్టారు · ఫిబ్రవరి 27, సాయంత్రం 5:10

పొగ నాకూ తగల్లేదు. వగరు తగ్గింది, పళ్ళ మీద కూడా లేదు. ఒక్కటి ఉంది బాబూ. మొదటి ముక్క కరగడం మొదలైన వెంటనే వెనిగర్ పులుపు ముక్కుకి సన్నగా తగిలి పోయింది. చిన్నదే. రెండో ముక్క వెండి కాగితం విప్పి రాత్రంతా డబ్బాలో ఉంచి పొద్దున్న తింటే తగ్గింది. మండపేట వారు చేసినట్టు మూత తీసి ఇంకో 8 గంటలు తిప్పి చూడు. అది చేశాక ఒక ముక్క ఇంట్లోనే పదిహేను రోజులు దాచి, అప్పుడు పంపు.

రాజోలు_కుర్రాడు · ఫిబ్రవరి 27, సాయంత్రం 5:25

ఆయ్, అలాగేనండి. గ్రైండర్‌లో ఇంకో కిలో ఉంది, ఇప్పుడే మూత తీస్తున్నాను.